నూటికి రెండు రూపాయలు

పదకొండున్నర దాటింది. బుజ్జి పడుకుంది, ఆయన కూడా పడుకున్నారు. రేపు కాలేజీలో పిల్లలకు తిరిగి ఇవ్వాల్సిన ఫైనాన్స్ ఇంటర్నల్ పరీక్ష పేపర్ల కట్ట టేబుల్ మీద ఉంది. అందులో ఒక్క పేపర్ వల్ల నాకు నిద్ర పట్టడం లేదు.

నిన్న దిద్దేటప్పుడు ఒక పిల్ల రాసిన నాలుగు లైన్ల మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టాను. పక్కన "అడగలేదు" అని రాసి పేజీ తిప్పేశాను. అర నిమిషం కూడా పట్టి ఉండదు.

ప్రశ్న మామూలుదే. లక్ష రూపాయల మెషిన్, ఐదేళ్ల పాటు ఏటా 30,000 రాబడి, పెట్టుబడి ఖరీదు, అంటే ఆ డబ్బు వాడుకున్నందుకు ఏటా పడే ఖర్చు, 10 శాతం. కొనవచ్చా లేదా? నెట్ ప్రెజెంట్ వాల్యూ కట్టాలి, అంటే ముందుముందు వచ్చే డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించి, అందులోంచి పెట్టిన డబ్బు తీసేయాలి. ఒక్కో ఏడాది చివర వచ్చే రూపాయి ఇవాళ ఎంత చేస్తుందో చెప్పే అంకెలే ఫ్యాక్టర్లు. ఐదేళ్లవీ కూడితే 3.790. దాన్ని 30,000తో గుణిస్తే 1,13,700. లక్ష తీసేస్తే 13,700 మిగులుతుంది కాబట్టి కొనవచ్చు. ఆ పిల్ల ఇదంతా ఒక్క కొట్టివేత లేకుండా చేసింది. దాని కింద ఇంగ్లిష్ వదిలేసి తెలుగులో రాసింది: "మేడం, ఈ 10 శాతం కంపెనీకి. మా ఇంట్లో రెండు రూపాయల వడ్డీ. 24 పెడితే 17,680 నష్టం వస్తుంది. మా నాయన అయితే ఈ మెషిన్ కొనకూడదు."

మేం జిరాక్స్ తీసి ఇచ్చే ఫ్యాక్టర్ల టేబుల్ 20 శాతం దగ్గర ఆగిపోతుంది. అంటే ఆ పిల్ల క్యాలిక్యులేటర్‌లో 1ని 1.24తో భాగిస్తూ, వచ్చినదాన్ని మళ్లీ భాగిస్తూ ఐదుసార్లు పోయింది. మార్జిన్‌లో పెన్సిల్‌తో సన్నగా వేసుకుంది: 0.806, 0.650, 0.524, 0.423, 0.341. పరీక్ష టైంలో, మార్కులు రావని తెలిసీ.

నిన్న ఇవేవీ నా కంటికి ఆనలేదు. 63 పేపర్లు, సాయంత్రానికి మార్కుల ఎంట్రీ అయిపోవాలి. పైగా నిన్న పొద్దున్నుంచి నా చిరాకంతా ఆ పేపర్‌లోని రెండో ప్రశ్న మీద ఉంది. అది మీకు చెప్పకపోతే ఈ రాత్రికి నాకు తెల్లారదు.

రెండో ప్రశ్నలో కంపెనీ పన్ను 50 శాతం అని ఇచ్చారు. యాభై! 2019 సెప్టెంబర్‌లో, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను 22 శాతానికి తగ్గించారు. సర్‌చార్జీ, సెస్ కలిపితే 25.17 అవుతుంది. ఆ రోజు వార్త చూసి నేనే స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను. ఇన్నేళ్లయినా మా ప్రశ్నల బ్యాంకులో మాత్రం సగానికి సగం పన్నే. ఎందుకంటే ఏదో పాత పుస్తకంలో లెక్క అలా ఉంది, సగం అయితే కట్టడం సులువు. తరుగుదల కూడా అంతే, మెషిన్ పాతబడే కొద్దీ తగ్గే విలువను ఏటా సమానంగా తీసేయమంటారు. ఆదాయపు పన్ను లెక్కలో మామూలు మెషినరీకి ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తీస్తారు. ఈ రెండూ కలిస్తే పన్ను కట్టాక చేతికొచ్చే డబ్బు మొత్తం మారిపోతుంది. రేపు ఈ పిల్లలు బెంగళూరులో ఏ ఆఫీసులోనో కూర్చుని ఎక్సెల్ తెరిచినప్పుడు, యాభై శాతం పన్ను అంటే పక్కవాళ్లు ఏమనుకుంటారు? 

పేపర్ సెట్ చేసిన పెద్దాయనతో మర్యాదగానే అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "లెక్క లెక్కే కదమ్మా, పద్ధతి వస్తే చాలు. రేటు ఏదైతే ఏముంది?" అన్నారు.

రేటు ఏదైతే ఏముంది. ఆ మాట మధ్యాహ్నం దాకా కడుపులో తిప్పింది. అదే కోపంతో కూర్చుని పేపర్లు దిద్దాను. రేటు ఎవరిదో అడిగిన ఒకే ఒక్క పిల్ల రాతను గీత పెట్టి కొట్టేశాను. ఇవాళ సాయంత్రం కట్ట సర్దుతుంటే ఆ పేజీ మళ్లీ కళ్లబడింది, అప్పుడు తెలిసింది చేసిన పని.

మన పిల్లలకు వడ్డీ తెలియదని కాదు. ఎఫెక్టివ్ యాన్యువల్ రేట్ అని బోర్డు మీద రాస్తే తెల్లమొహం వేస్తారు. అదే రెండు రూపాయల వడ్డీకి ఏడాది తిరిగేసరికి ఎంతవుతుందమ్మా అంటే క్లాసంతా 24 అంటుంది. నెలనెలా కట్టకుండా వడ్డీ మీద వడ్డీ వేస్తే 26.82 అవుతుందని నేను కట్టి చూపిస్తే, వెనక బెంచీ వాళ్లు కూడా "అవును మేడం, మా ఊర్లో అట్లే వేస్తారు" అంటారు. అంత తెలిసిన పిల్లల ముందు ఆకాశం నుంచి ఊడిపడినట్టు 10 శాతం పెట్టి లెక్క చేయమంటున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి డబ్బు, వాళ్లెందుకు 10కి ఒప్పుకున్నారు అని ఎప్పుడో నాలుగో యూనిట్‌లో చెబుతాను. అప్పటికి సగం మంది ఇంటర్న్‌షిప్ లెటర్ల టెన్షన్‌లో ఉంటారు.

బోరు సంగతి ఇంతకుముందు రాశాననుకుంటా. మళ్లీ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. 1996లో నేను ఏడో తరగతి. మాకు కళ్యాణదుర్గం పక్కన ఏడెకరాలు, శెనక్కాయలు వేసేవాళ్లం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా, అది కూడా పడితే. నాయనకు చీనీ తోట పెట్టాలని పట్టుదల. బోరు బండి రాత్రిపూట వచ్చేది. టెంకాయ అరచేతిలో పెట్టుకుని ఒకాయన చేనంతా తిరిగేవాడు. టెంకాయ లేచి నిలబడిన చోట సున్నంతో గుర్తు వేసేవాళ్లు. పిల్లలం గట్టు మీద గోనెపట్ట పరుచుకుని కూర్చునేవాళ్లం. బండి లైటు వెలుగులో తెల్లటి పొడి ఎగిరి మా తలల మీద, రెప్పల మీద పడేది. అది తడిసిందా, రంగు మారిందా అని పెద్దవాళ్లంతా గుప్పిట్లోకి తీసుకుని చూసేవాళ్లు. నాయన అయితే వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. అడుగుకింత అని రేటు. ప్రతి ఇరవై అడుగులకూ బండివాడు నాయన మొహం చూసేవాడు, నాయన "కానీ" అనేవాడు. మూడు బోర్లూ పొడే. మూడోది పోయిన రాత్రి నాయన ఇంటికి రాలేదు, చేన్లోనే కూర్చున్నాడు. అమ్మ సంగటి ముద్ద మీద గిన్నె బోర్లించి వాకిట్లో కూర్చుంది. నేను ఆ గిన్నె చూస్తూ నిద్రపోయాను.

మళ్లీ నాలుగోది వేశాడు. రెండించుల నీళ్లు పడ్డాయి.

పద్నాలుగేళ్లుగా సంక్ కాస్ట్ పాఠానికి నేను ఈ కథే చెబుతున్నాను. ఎవరో ఒక రైతు అంటాను, నాయన అనను. మూడు బోర్లకు పోసిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు, అది పోయిందని నాలుగోది వేయడం తప్పు, ముందుకు చూసి నిర్ణయించాలి, వెనక్కి చూసి కాదు అని చెబుతాను. నీళ్లు పడ్డాయి కదా మేడం అని ఎవరో ఒకరు అడుగుతారు. ఫలితం వేరు, నిర్ణయం వేరు అంటాను. పాఠం బాగా ఎక్కుతుంది. ఇవాళ దాకా అందులో నాకు అనుమానం రాలేదు.

ఈ పిల్ల విషయానికొస్తే, గంట క్రితం వరకు తప్పంతా నాదే అనుకున్నాను. ఇప్పుడు రాస్తూ రాస్తూ మరో రకంగా కూడా అనిపిస్తోంది. పుస్తకం చెప్పేది తప్పేం కాదు. డిస్కౌంట్ రేటు, అంటే రేపటి డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించే రేటు, మనం అప్పు తెచ్చే చోటును బట్టి కాకుండా, డబ్బు పెట్టే పనిలో ఉన్న రిస్కును బట్టి ఉండాలి. పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీకి కియా వాళ్లు 2017లో 110 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నప్పుడు, ఏటా 3 లక్షల కార్లు అమ్ముడుపోతాయా అన్న భయానికి తగ్గ రేటు వేయాలి కానీ, బ్యాంకు చవగ్గా ఇచ్చింది కదా అని తక్కువ వేయకూడదు. అలా చూస్తే వాళ్ల నాయనకు అప్పు 24కి వచ్చినా 4కి వచ్చినా మెషిన్ అదే, రాబడి అదే. ఈ మాట క్లాసులో నేనే గట్టిగా చెబుతాను. కాబట్టి గీత పెట్టడంలో న్యాయం ఉందా?

లేదు. ఎందుకంటే ఆ మాట నిలబడాలంటే దాని కింద ఒక షరతు ఉండాలి. ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1930లోనే చెప్పింది అదే. ఎవరైనా సరే ఒకే రేటుకు అప్పు తీసుకోగలిగి, అదే రేటుకు అప్పు ఇవ్వగలిగితే, డబ్బు ఇప్పుడే కావాలనేవాడూ, ఆగగలిగేవాడూ ఒకే పెట్టుబడిని ఎంచుకుంటారు. ఆ రెండు రేట్లు వేరైతే, పెట్టుబడి నిర్ణయం మనిషి నుంచి విడిపోదు. హిర్ష్‌లీఫర్ అనే మరో ఆర్థికవేత్త 1958లో ఈ రెండు రేట్ల సంగతే విడమరిచి రాశాడు. మా ఊళ్లలో రేట్లు రెండు కూడా కాదు. సకాలంలో కడితే 4 శాతం పడే పంట రుణం, నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు, రెండూ ఒకే ఇంట్లో, ఒకే ట్రంకు పెట్టెలో కాగితాలై ఉంటాయి. పంట రుణం బోరుకు ఇవ్వరు. బోరుకు రెండు రూపాయలదే దిక్కు. ప్రశ్నలోని ఆ మెషిన్ 15 శాతం చిల్లర వడ్డీ దాకా తట్టుకుంటుంది, ఆ పైన మునుగుతుంది. కంపెనీ ఒడ్డున ఉంది, ఆ పిల్ల వాళ్ల నాయన లోపల ఉన్నాడు. ఫిషర్ షరతు తెగిపోయిన చోటును ఆ పిల్ల పేరు తెలియకుండానే పట్టుకుంది. నేను దానికి "అడగలేదు" అని రాశాను.

సాయంత్రం ఎనిమిదికి అమ్మకు ఫోన్ చేశాను. మామూలుగా మోకాళ్ల నొప్పులూ, బుజ్జి అన్నం తినిందా లేదా అన్నవి అయ్యాక, నాలుగో బోరుకు నాయన ఎంత వడ్డీకి తెచ్చినాడమ్మా అని అడిగాను. రెండా, మూడా అని.

"వడ్డీ యాడిది మ్మా. ఎవురిస్తారు అప్పుటికి? నా కమ్మలు అమ్మినాం కదా" అంది.

నాకు తెలియదు.

"మూడు పోయినంక నేనే వద్దంటి. మీ నాయన వంక పక్కకు తీసకపోయి సూపిచ్చినాడు. ఎండాకాలంలో తుమ్మసెట్లు ఆడ ఒక్క సాట పచ్చగా ఉండాయి. టెంకాయ వద్దులే, ఈడ ఏద్దాం అన్న్యాడు. సరే అని నేనే తీసిచ్చినా."

అంటే వెనక్కి చూసి వేసిన బోరు కాదు అది. పోయిన మూడింటి లెక్క పక్కన పెట్టి, కొత్త గుర్తు చూసి, కొత్త డబ్బుతో వేసింది. పద్నాలుగేళ్లు నేను ఆ రైతును తప్పుడు ఉదాహరణగా నిలబెట్టాను. ఐదో ఏట చీనీ కాపు మొదలైంది. రెండు కాపులు కూడా నిండుగా చూడలేదు, 2002 కరువుకు బోరు ఎండింది, చెట్లు ఎండాయి. అది వేరే సంగతి. నిర్ణయం మాత్రం సరిగ్గానే తీసుకున్నారు, ఇద్దరూ కలిసి.

సొంత డబ్బుకు ఖరీదు లేదనుకోకండి అని ఈక్విటీ పాఠంలో పిల్లలకు చెబుతాను కదా. ఆ కమ్మలకు రేటు కట్టి చూద్దామని ఇందాక కూర్చున్నాను. అప్పట్లో బంగారం పది గ్రాములు ఐదు వేల చిల్లర, 2025లో లక్ష దాటింది. ఇరవై రెట్లకు ఏటా సుమారు 11 శాతం పడుతోంది. ఇంచుమించు ప్రశ్నపత్రంలోని పదే. కానీ రాసుకున్న అంకె చూస్తే నాకు ఒప్పుదల కాలేదు. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి, ఆ రెండేళ్లూ అమ్మ చెవులకు వేపపుల్లలు ఉండేవి, రంధ్రాలు పూడకుండా. పెళ్లిళ్లకు కొంగు చెవుల మీదుగా లాక్కుని కూర్చునేది. నేను ఆ పుల్లలు చూశాను, కమ్మలేవని ఒక్కసారీ అడగలేదు.

పేపర్ బయటకు తీశాను. ఎర్ర గీత చెరగదు. దాని కింద నీలం పెన్నుతో "ఇది అడగాల్సిన ప్రశ్నే. రేపు బోర్డు మీద చేసి చూపించు" అని రాశాను. మార్కులు మారవు, ఎంట్రీ అయిపోయింది. రేపు మొదటి పీరియడ్ నాదే. ఆ లోపు ఫ్యాక్టర్ల టేబుల్‌ను 36 శాతం దాకా కట్టి కొత్తగా జిరాక్స్ తీయించాలి, మూడు రూపాయల వడ్డీ ఇళ్లు కూడా ఉన్నాయి క్లాసులో. 24 కాలమ్ ఇప్పుడే కట్టాను. ఆ పిల్ల పెన్సిల్ అంకెలు ఐదూ సరిపోయాయి.