తొమ్మిదో తరం ఐప్యాడ్‌ను మార్చాలా, ఉంచాలా: నా అనుభవం

పర్లాకిమిడిలో నేను ప్లస్ టూ పిల్లలకు గణితం చెబుతాను. విద్యార్థుల్లో కొందరు ఒడిశా బోర్డు వారు, కొందరు సరిహద్దు అవతల పాతపట్నం వైపు నుంచి ఆంధ్ర ఇంటర్మీడియట్ చదివేవారు. రాత్రి పూట ఆన్‌లైన్‌లో చెప్పే పాఠాలకు నల్లబల్ల స్థానంలో నేను వాడుతున్నది 2021లో విడుదలైన తొమ్మిదో తరం ఐప్యాడ్, అందులోనూ 64 జీబీ రకం. దానికి తోడు మొదటి తరం ఆపిల్ పెన్సిల్ ఉంది. ఏ16 చిప్‌తో పదకొండో తరం 2025 మార్చిలో వచ్చింది. విశాఖపట్నంలో ఉన్న మా మేనల్లుడు అప్పటి నుంచి, "మావయ్యా, ఇంకా ఆ పాత దానితోనే ఈదుతున్నారా" అని ఫోను చేసినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాడు. పాఠాల మధ్యలో ట్యాబ్ నన్ను ఇబ్బంది పెడుతున్న మాట నిజమే కనుక, ఈ విషయాన్ని ఒకసారి శ్రద్ధగా తేల్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

ముందుగా నన్ను నిజంగా సతాయిస్తున్నవి ఏమిటో కాగితం మీద రాసుకున్నాను. రికార్డింగు మధ్యలో స్థలం చాలక ఆగిపోవడం ఒకటి. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ నుంచి నోట్సుకు, అక్కడి నుంచి వీడియో కాల్‌కు మారినప్పుడు పేజీలు మళ్లీ మొదటి నుంచి తెరుచుకోవడం ఇంకొకటి. చార్జింగు రెండు పాఠాలకు కూడా సరిపోకపోవడం, పిల్లలకు నేను ఎటో పక్కకు చూస్తూ మాట్లాడుతున్నట్లు కనిపించడం మిగిలినవి. కొత్త తరం గురించి చదివిన ప్రతి విశేషాన్నీ ఈ కాగితం ముందు పెట్టి, ఇది నా బాధల్లో దేనిని తీరుస్తుంది అని ప్రశ్నించుకున్నాను.

ఈ పరీక్షలో మొదట రాలిపోయింది కృత్రిమ మేధ ఆకర్షణ. "కొత్తదైతే అన్నీ దానంతట అదే రాసేస్తుందట కదా మాస్టారూ" అని ఒక విద్యార్థి తండ్రి అన్నారు గాని, ఆపిల్ ఇంటెలిజెన్స్ అనే ఆ సదుపాయం ఈ ఏ16 ఐప్యాడ్‌లో లేనే లేదు. అది కావాలంటే ఏ17 ప్రో ఉన్న ఐప్యాడ్ మినీకో, ఎం వరుస చిప్‌లు ఉన్న ఎయిర్, ప్రోలకో వెళ్లాలి. నా దానిలో ఉన్న ఏ13 చిప్ ఐప్యాడ్‌తో పోలిస్తే పనితీరు 50 శాతం వరకు మెరుగని ఆపిల్ తన ప్రకటనలో చెప్పింది. నేను దానిని కాదనను, కాని ద్విఘాత సమీకరణం రాసే చేతికి అంత వేగంతో పనేముంది? చేయి రాసినంత త్వరగా గీత పడితే చాలు, అది నా పాత చిప్‌తోనూ పడుతోంది. నాకు పనికివచ్చే తేడా ర్యామ్‌లో, అంటే తెరిచిన యాప్‌లను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీలో ఉంది. ఆపిల్ ప్రకటనల్లో ఆ అంకె ఇవ్వకపోయినా, నా దానిలో 3 జీబీ, కొత్తదానిలో 6 జీబీ అన్నది అందరికీ తెలిసినదే. పీడీఎఫ్, నోట్సు, వీడియో కాల్ మూడూ ఒకేసారి నిలబడాలంటే ఆ రెట్టింపు తప్పక ఉపయోగపడుతుంది.

బరంపురం పని మీద వెళ్లినప్పుడు ఒక దుకాణంలో కొత్తదానిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. అమ్మకాల కుర్రవాడు ఓపికగా నాతో తెలుగులోనూ, పక్కవారితో ఒడియాలోనూ మాట్లాడుతూ అడిగినవన్నీ చూపించాడు. నేను ప్రత్యేకంగా గమనించాలనుకున్నది పెన్సిల్ మొనకూ, కింద పడే గీతకూ మధ్య కనిపించే సందు. పైగాజునూ తెరనూ ఒకటిగా అతికించని ఐప్యాడ్‌లలో ఈ సందు ఉంటుంది. రాసే వారికి కొద్దిగా పక్కన రాస్తున్నట్లు అనిపించేది దీని వల్లనే. పదకొండో తరంలోనూ అది అలాగే ఉన్నదని మొన ఆనించగానే తెలిసిపోయింది. అది కూడదనుకుంటే ఎయిర్ తీసుకోవాలి, ఆ ధర నా లెక్కలోకి రాదు.

కెమెరా విషయంలో మాత్రం కొత్తదానికి పూర్తి మార్కులు వేయవలసిందే. నా ఐప్యాడ్‌ను అడ్డంగా పెడితే ముందు కెమెరా పక్క అంచుకు పోతుంది, అందుకే పిల్లలకు నా చూపు తప్పినట్లు కనిపిస్తుంది. పదో తరం నుంచి ఆ కెమెరాను పొడవాటి అంచు మధ్యకు మార్చారు, స్పీకర్లు కూడా అడ్డంగా పెట్టినప్పుడు రెండు వైపులకు వస్తాయి. బోధనకు వాడేవారికి ఇంతకు మించిన మార్పు ఈ రెండు తరాల మధ్య లేదని నా అభిప్రాయం.

ఇక ఖర్చు. 2025లో విడుదలైనప్పుడు వైఫై రకం 128 జీబీకి 34,900 రూపాయలు, 256 జీబీకి 44,900. జీఎస్టీ రెండు రాష్ట్రాల్లోనూ 18 శాతమే కనుక, పన్ను తేడా కోసం సరిహద్దు దాటవలసిన అవసరం ఎవరికీ లేదు. అయితే ఐప్యాడ్ ధరతో ఖర్చు ఆగదు. చార్జింగు రంధ్రం ఆపిల్ సొంత లైట్నింగ్ రకం పోయి యూఎస్‌బీ-సీ వచ్చింది కాబట్టి నా పెన్సిల్‌ను చార్జి చేయడానికి అడాప్టరు కావాలి, లేదా 7,900 రూపాయలు పెట్టి యూఎస్‌బీ-సీ పెన్సిల్ కొనాలి. దానిలో ఒత్తిడిని బట్టి గీత లావు మారే గుణం లేదు. లెక్కలకు అది అక్కర్లేదు గాని, సెలవు రోజుల్లో ఈ ట్యాబ్ మా అమ్మాయి బొమ్మలకు పోతుంది, తనకు ఆ గుణం లేకపోతే కుదరదు. ఇయర్‌ఫోన్ రంధ్రం పదో తరంలోనే తీసేశారు, కనుక తీగ ఉన్న నా ఇయర్‌ఫోన్‌కు మరో అడాప్టరు. కొలతలు మారాయి కాబట్టి పాత కవరు పట్టదు. ఇన్ని చేసినా కొత్త యూఎస్‌బీ-సీ యూఎస్‌బీ 2 వేగంతోనే పనిచేస్తుంది, అంటే హార్డ్ డిస్కులోకి రికార్డింగులు పంపడంలో నాకు పెద్దగా కలిసివచ్చేది లేదు. ఎక్స్ఛేంజిలో నా పాతదానికి కట్టిన ధర విన్న తరువాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఎండ గురించి కూడా ఆలోచించాను. ఐప్యాడ్‌ను వాడవలసిన పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు ఉండాలని ఆపిల్ చెబుతుంది. మా వేసవి మధ్యాహ్నాలు ఆ గీతను సులువుగా దాటేస్తాయి, అప్పుడు తెర వెలుతురు తగ్గుతుంది, చార్జింగు నెమ్మదిస్తుంది. పదకొండో తరానికీ ఇదే పరిమితి, కాబట్టి మే నెలలో నాకు కావలసింది కొత్త ట్యాబ్ కన్నా ఫ్యాను కింద చోటు.

చివరకు పాతదానినే ఉంచుకోవాలని నిర్ణయించాను. ఐప్యాడ్ బ్యాటరీ 1,000 పూర్తి చార్జింగుల తరువాత కూడా 80 శాతం వరకు సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేస్తారు. రోజూ గంటల తరబడి వీడియో కాల్‌లో ఉండే నా ఐప్యాడ్ ఆ లెక్కకు ఏనాడో దగ్గరపడి ఉంటుంది. బ్యాటరీ మార్పించుకోవడానికి విశాఖపట్నంలో అధీకృత సేవా కేంద్రానికి వెళ్లేముందు అందులో ఉన్నదంతా వేరేచోట భద్రపరచుకున్నాను, ఎందుకంటే బ్యాటరీ సేవ అంటే కొన్నిసార్లు ఐప్యాడ్‌నే మార్చి ఇవ్వడం. రికార్డింగులన్నీ హార్డ్ డిస్కుకు తరలించాక స్థలం గొడవ తీరింది. కెమెరా కోసం ఫోనును ఎదురుగా నిలబెట్టి, అదే కాల్‌లో రెండో సభ్యుడిగా చేర్చుతున్నాను, ఇప్పుడు పిల్లలకు నా ముఖం ఫోను నుంచి, రాత ఐప్యాడ్ నుంచి కనిపిస్తాయి. పేజీలు మళ్లీ తెరుచుకునే ఇబ్బంది మాత్రం పోలేదు, పాఠానికి కావలసిన పుటలను ముందే నోట్సులోకి తెచ్చిపెట్టుకుని దానిని తగ్గించుకుంటున్నాను.

దుకాణంలో పెట్టి చూసుకోలేనిది ఒకటి మిగిలింది, అది సాఫ్ట్‌వేర్ ఆయుష్షు. ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో 2025లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26 ఏడో తరాన్ని వదిలేసి ఎనిమిదో తరం నుంచి మొదలైంది. అంటే నా ఐప్యాడ్‌కూ, కొత్త ఓఎస్ ఆగిపోయిన తరానికీ మధ్య ఇంకా ఒక తరం ఉంది. ఎనిమిదో తరానికి కూడా కొత్త ఓఎస్ ఆగిపోయిన ఏడాది నేను ఈ కాగితాన్ని మళ్లీ తీస్తాను, అప్పటికి దుకాణంలో ఉన్న ఐప్యాడ్‌కు ఆ సందు పూడిందో లేదో మొదట చూస్తాను.