రెండు రాత్రుల కాపురం

ఎదురింటి తలుపుకి నంబర్లు నొక్కే తాళం బిగించిన రోజే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, మాది చిన్న టౌన్‌షిప్, అంటే చిన్న ఊరు. ముందుకు దారిలేని వీధి, పద్నాలుగు ఇళ్లు. ఆ ఇల్లు కొన్నాయన వేరే రాష్ట్రంలో ఉంటాడు, దాన్ని రోజుల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. మొదట ఒక జంట వచ్చింది, ఆ తర్వాత వారానికో గుంపు. శుక్రవారం సాయంత్రం సూట్‌కేసు చక్రాల గరగర, ఆదివారం మధ్యాహ్నం క్లీనింగ్ వ్యాన్. ఒక శనివారం రాత్రి రెండింటికి ఎవరో మా తలుపు హ్యాండిల్ పట్టుకుని తిప్పుతున్నారు. ఇల్లు తప్పారు, అంతే. సారీ చెప్పి వెళ్లిపోయారు కూడా. మా ఆవిడ మాత్రం ఆ రాత్రి మళ్లీ కన్ను మూయలేదు.

ఫిర్యాదు చేద్దామని టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్తే జోనింగ్ ఆఫీసర్, అంటే ఊళ్లో ఏ స్థలాన్ని దేనికి వాడుకోవచ్చో చూసే అధికారి, మర్యాదగానే మాట్లాడాడు. ఆ ఇంటికి పర్మిట్ ఇచ్చేశామనీ, అది సింగిల్ ఫ్యామిలీ ఇల్లు, అంటే ఒక కుటుంబం ఉండే ఇల్లు కాబట్టి ఎన్ని రోజులకు అద్దెకిచ్చుకున్నా తమకు అభ్యంతరం లేదనీ చెప్పాడు. పర్మిట్ కాపీ అడిగితే ఇచ్చాడు. తేదీ కూడా చూడకుండా మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. పక్కింట్లో ఉండే రిటైర్డ్ టీచర్ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చదివి, "ఇది ఇచ్చి పదకొండు రోజులైంది. మనకి ఇంకా పందొమ్మిది రోజులే ఉన్నాయి" అన్నారు. ఆవిడే లేకపోతే మా కథ అక్కడితో అయిపోయేది.

ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ తప్ప ఈ రాష్ట్రంలో ఊళ్ల జోనింగ్ అంతా 1968లో వచ్చిన మున్సిపాలిటీస్ ప్లానింగ్ కోడ్ ప్రకారం నడుస్తుంది. ఇచ్చిన పర్మిట్ తప్పని ఇరుగుపొరుగువాళ్లు అనాలంటే 30 రోజుల్లో జోనింగ్ హియరింగ్ బోర్డుకి అప్పీల్ చేసుకోవాలి. మాకు నోటీసు రాలేదు, సంగతే తెలియదు అని గడువు దాటాక కూడా వాదించవచ్చు గానీ, తెలియలేదని రుజువు చేసుకునే భారం మన మీదే పడుతుంది. అంత జూదం దేనికని తొమ్మిది ఇళ్లవాళ్లం డబ్బులు వేసుకుని లాయర్ని పెట్టుకున్నాం. మిగతా ఇళ్లవాళ్లు మంచి మాటలు మాత్రం ఇచ్చారు.

లాయర్ దగ్గరికి ఫోన్ల నిండా వీడియోలతో వెళ్లాం. పొంగిపోయిన చెత్తడబ్బాలు, పచ్చిక మీద ఎక్కించిన కార్లు, అర్ధరాత్రి పాటలు. ఆయన రెండు చూసి ఫోను వెనక్కిచ్చేశాడు. "ఇవి పోలీసులకు చూపించండి. బోర్డు అడిగేది ఒకటే, ఈ వాడకం ఈ జోన్‌లో కుదురుతుందా లేదా అని. వచ్చినవాళ్లు చప్పుడు చేయకుండా పుస్తకాలు చదువుకుని వెళ్లినా ప్రశ్న అదే" అన్నాడు. మా టౌన్‌షిప్ ఆర్డినెన్స్, అంటే ఊరి చట్టం, తెరిచి నిర్వచనాల పేజీలో ఒక్క మాట మీద వేలు పెట్టాడు. 'కుటుంబం'. సింగిల్ హౌస్‌కీపింగ్ యూనిట్‌గా కలిసి బతికేవాళ్లు అని రాసుంది. మన భాషలో చెప్పాలంటే ఒకే కాపురం. మరి శుక్రవారం వచ్చి ఆదివారం పోయేదాన్ని కాపురం అంటారా?

అచ్చం ఇదే ప్రశ్న అంతకుముందే రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పోకనోస్ కొండల ప్రాంతంలో, మన్రో కౌంటీలోని హామిల్టన్ టౌన్‌షిప్‌లో, యజమాని తాను ఉండని ఇంటిని రోజుల లెక్కన అద్దెకిచ్చాడు. ఆ కేసుని స్లైస్ ఆఫ్ లైఫ్ కేసంటారు. 2017లో కామన్వెల్త్ కోర్టు, అంటే రాష్ట్ర సుప్రీంకోర్టుకి కిందనున్న అప్పీల్ కోర్టు, యజమాని వైపే తీర్పిచ్చింది. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వచ్చిపోయేవాళ్ల మజిలీ సింగిల్ హౌస్‌కీపింగ్ యూనిట్ కాదు, దానికి కొంత స్థిరత్వం ఉండాలి అంది. అలాగని రాష్ట్రమంతటా ఇలాంటి అద్దెలు ఆగిపోలేదు. ప్రతి ఊరూ తన ఆర్డినెన్స్‌లో ఏం రాసుకుందన్నదే లెక్క. మా ఊరి మాటలు ఆ ఊరి మాటలకు దగ్గరగా ఉండటం మా అదృష్టం.

ఆ తీర్పు చదువుతుంటే అందులో ఇంకో పాత కేసు తగిలింది. బెల్ టెర్రె, న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో ఒక పల్లె. ఆరుగురు కాలేజీ విద్యార్థులు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. రక్తసంబంధం లేనివాళ్లు ఇద్దరికి మించి ఒక ఇంట్లో ఉండకూడదని ఆ ఊరి రూలు. 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఊరి వైపే నిలబడింది. నేను కాసేపు పేజీ తిప్పలేదు. ఎమ్మెస్ చేసే రోజుల్లో మేమూ ఆరుగురమే. హాల్లో రెండు పరుపులు, ఒకటే బాత్రూమ్, వంటకి వంతులు, ఫ్రిజ్ మీద అంటించిన అప్పుల కాగితం. మాదీ కాపురమే అని ఎవరితోనైనా వాదించేవాణ్ణి. ఇప్పుడు మాత్రం అవతలి బల్ల దగ్గర కూర్చున్నాను.

ఇంకో మాట. బోర్డులో ఉన్నది ముగ్గురు, ముగ్గురూ ఊళ్లోవాళ్లే. అందులో ఒకాయన మా అబ్బాయి సాకర్ టీమ్ దగ్గర రోజూ కనిపిస్తాడు. మనవాళ్ల అలవాటు కొద్దీ "ఓ మాట చెవిన వేద్దామా?" అని లాయర్ని అడిగాను. ఆయన మొహం చూసి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. వాళ్లు జడ్జీల్లాంటివాళ్లు, హియరింగ్ బయట కేసు ఊసెత్తకూడదు. ఆ రెండు నెలలూ సాకర్ గ్రౌండ్‌లో వాతావరణం గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు.

అప్పీల్ వేశాక 60 రోజుల్లోగా హియరింగ్ మొదలుకావాలి. వారం ముందే ఎదురింటి పచ్చికలో నోటీసు బోర్డు పాతారు. ఆ వారాంతం దిగినవాళ్లు దానికి గొడుగు ఆనించి పెట్టుకున్నారు. హియరింగ్ రోజు చైర్మన్ మొదటి మాట: "పార్టీలుగా ఎవరెవరు చేరుతున్నారు?" పార్టీల గోల భరించలేక వెళ్లిన మేం ముందు పార్టీలం, అంటే కేసులో కక్షిదారులం, కావాలన్నమాట! నవ్వొచ్చింది గానీ, ఫారం నింపి పార్టీగా చేరకపోతే రేపు కోర్టుకి వెళ్లే హక్కు చిక్కుల్లో పడుతుందని లాయర్ ముందే హెచ్చరించాడు. తొమ్మిది ఇళ్లవాళ్లం నింపాం.

స్టెనోగ్రాఫర్ నా చేత ప్రమాణం చేయించారు. నా గొంతు ఎండిపోయింది. నేను చూపించింది ఒక్క కాగితమే, ఆ ఇంటి బుకింగ్ క్యాలెండర్. చివరింటాయన చప్పుడు గురించి మొదలుపెట్టి ఆగలేదు. మూడోసారి అదే మాట చెబుతుంటే చైర్మన్ ఆపేశాడు. సంబంధం లేనిది, చెప్పిందే చెప్పింది పక్కన పెట్టే అధికారం వాళ్లకుంది. పాపం, ఆయన చేతిలో ఇంకా నాలుగు పేజీలున్నాయి. యజమాని ప్రమాణం చేశాక మా లాయర్ అడిగాడు: "ఈ సంవత్సరం మీరు ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకున్నారు?" "ఒక్కటీ లేదు." "ఆ ఇంటికి ఉత్తరాలు ఎవరికి వస్తాయి?" యజమాని తన లాయర్ వైపు చూశాడు. "ఎవరికీ రావు." అంతకు మించి మా లాయర్ ఏమీ అడగలేదు.

ఆఖరి హియరింగ్ తర్వాత 45 రోజుల్లో రాతపూర్వకంగా తీర్పివ్వాలి. నలభయ్యో రోజున వచ్చింది. ఇద్దరు మా వైపు, ఒకరు కాదు. ఆ ఒక్కరూ సాకర్ ఆయనే. యజమాని కోర్టుకి వెళ్లడానికి ఇంకో 30 రోజులు. ఆ నెలంతా టెన్షనే, పోస్టు వ్యాన్ చూస్తే చాలు. ఆయన వెళ్లలేదు.

పోకనోస్‌లో ఇలాంటి ఇళ్లు రెండు పెట్టుకున్న నా స్నేహితుడు ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. "ఎవడి ఇల్లు వాడిష్టం, మధ్యలో నీకేంట్రా?" అన్నాడు. అందులో న్యాయం బొత్తిగా లేదని చెప్పలేను.

ఎదురిల్లు ఇప్పుడు ఏడాది లీజుకి ఇచ్చారు. నలుగురు కుర్రాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు. మొన్న చివరింటాయన చెత్తడబ్బా లాక్కుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. "మెయిల్‌బాక్స్ మీద నాలుగు ఇంటిపేర్లున్నాయి, చూశావా? ఇది కుటుంబమేనంటావా? ఆ నిర్వచనం పేజీ నీ దగ్గరుందా?" అన్నాడు.

బేస్‌మెంట్‌లో ఎక్కడో పడేశాను, వెతకాలి అన్నాను. అది ముందుగది బల్ల సొరుగులోనే ఉంది.