తూర్పు వైపు పాదాలు

ఈస్టర్ ముందు రోజు రాత్రి గుంటూరులో బస్సెక్కి, అమ్మా నేనూ తెల్లవారుజామున నాలుగు గంటలకు హైదరాబాద్‌లో దిగాం. ఆటోలో నారాయణగూడ సమాధుల తోటకు చేరేసరికి ఇంకా చీకటే. లోపల మాత్రం కొవ్వొత్తుల వెలుగు, చామంతుల వాసన, అక్కడక్కడ సన్నగా పాటలు.

పెద్దమ్మ సమాధి దగ్గర అమ్మ చెప్పులు విడిచి కూర్చుంది. నూలుగుడ్డ తడిపి రాయి తుడిచింది. 'ప్రభువునందు నిద్రించిన' అన్న చోట, 'ద్ర' కింది వత్తులో నిరుటి మైనం గడ్డకట్టి ఉంది. దాన్ని వేలిగోటితో తీయడానికే పది నిమిషాలు పట్టింది. మావాళ్లు 'చనిపోయిన' అని రాయించరు. సెమెటరీ అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి కూడా నిద్రించే చోటు అనే అర్థం.

పెద్దమ్మ చివరి ఆరేళ్లు మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేదు. అందుకే, ఆత్మ దేవుణ్ణి చేరింది, ఇక శరీరంతో పనేముంది అని ఎవరైనా ఓదార్చబోతే నా మనసు ఒప్పుకోదు. చర్చిలో అందరం కలిసి చెప్పే విశ్వాస ప్రమాణంలో మేము పలికేది 'శరీర పునరుత్థానము' అనే, అంటే శరీరమే తిరిగి లేవడం. బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) 15వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు విత్తనం సంగతి ఎత్తుతాడు. నేలలో పడేది వట్టి గింజ, మొలిచి వచ్చే రూపు వేరు. అయినా ఆ మొలక ఆ గింజదే. యేసు బతికించిన లాజరు, చనిపోయిన నాలుగు రోజుల తర్వాత లేచినా తిరిగి వచ్చింది ఈ బతుకుకే. యేసు లేచింది మరణం ఇక తాకలేని శరీరంతో. గాయాల గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి. భయపడి భూతమనుకున్న శిష్యుల ఎదుట కాల్చిన చేప ముక్క తిన్నాడని లూకా రాశాడు. ఆ చేప ముక్క నాకు ఎంత ధైర్యమో!

"లేచాక పెద్దమ్మ నడుస్తుందా అమ్మా?"

"నడవక? లేచిన యేసును మగ్దలేనే మరియ ఆయన పిలుపు విని గుర్తుపట్టింది. నేను అక్క నడక చూసి గుర్తుపడతాను."

1732లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ యువకులు ఈస్టర్ వేకువన సమాధుల దగ్గరికే వెళ్లి పాడారట. ఇక్కడ కూడా పాస్టరుగారు "క్రీస్తు లేచెను" అనగానే చీకట్లో నలువైపుల నుంచీ "నిజముగా లేచెను" అని గొంతులు లేచాయి. మా పక్క సమాధి దగ్గర ఒంటరిగా కూర్చున్న పెద్దాయన ఆ మాట రెండుసార్లు అన్నారు.

పాత సంప్రదాయం ప్రకారం పెద్దమ్మను పాదాలు తూర్పుకు ఉండేలా పడుకోబెట్టారు. లేచి నిలబడితే ముఖం పొద్దుపొడుపు వైపే ఉంటుంది. ఆకాశం తెల్లబడుతుంటే అమ్మ కొవ్వొత్తి ఆర్పి, పాదాలుండే వైపు రాతిని ఇంకోసారి తుడిచింది.