అండమాన్ ఎల్టీసీ: మా అమ్మ ఎవరి మీద ఆధారపడిందో తేల్చిన బిల్లు

ఎల్టీసీ, అంటే సెలవు పెట్టి కుటుంబంతో ఊరెళ్తే టికెట్ల ఖర్చు గవర్నమెంటు ఇచ్చే స్కీమ్, దాని కింద పెట్టిన మా అండమాన్ ట్రిప్పు బిల్లు నిన్న పాసయింది. డబ్బులు పడ్డట్టు మెసేజ్ వచ్చాకే ఇది రాస్తున్నా, ముందే రాస్తే బూతులు దొర్లేవి. వైజాగ్‌లో సెంట్రల్ గవర్నమెంటు వాళ్ళం బోలెడుమంది ఉన్నాం కదా, వెళ్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

స్కీమ్ తెలిసిందే. నాలుగేళ్ళకో బ్లాక్ లెక్క, అందులో సొంతూరికి వెళ్ళడానికిచ్చే ఒక హోమ్ టౌన్ ఎల్టీసీని అండమాన్‌కి మార్చుకోవచ్చు, ఫ్లైట్ అర్హత లేని మా లెవెల్ వాళ్ళు కూడా ఎకానమీలో వెళ్ళొచ్చు, 2026 సెప్టెంబరు 25 దాకా పొడిగించారు. టికెట్లు ఐఆర్‌సీటీసీ, బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఈ మూడింట్లోనే కొనాలి. కొన్నప్పుడు ఫ్లైట్లూ రేట్లూ కనిపించే పేజీ ప్రింట్ తీసి దాచుకోవాలి, తీశాను. చెన్నై దాకా రైలు, అక్కణ్ణుంచి ఫ్లైట్. నేనూ, మా ఆవిడా, పిల్లలిద్దరూ, అమ్మ. పది రోజుల ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) డబ్బుగా మార్చి ఇచ్చారు, టికెట్ల ఖర్చులో తొంభై శాతం అడ్వాన్స్ కూడా ఇచ్చారు. ఇక్కడిదాకా సాఫీగానే.

అక్కడ కూడా ఇబ్బందేం లేదు. ఫెర్రీ ఎక్కిన ప్రతిసారీ ఐడీ చూస్తారు, పిల్లల ఆధార్ కూడా దగ్గర పెట్టుకోండి. ఆర్కే బీచ్‌లో ఆడుకుని పెరిగినోడికి కొత్తగా ఏం బీచ్ చూపిస్తార్లే అనుకుంటూ వెళ్ళాను గానీ, హేవ్‌లాక్ ద్వీపంలో రాధానగర్ బీచ్ చూశాక నోరు మూసుకున్నా. మన దగ్గర అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది కదా, మేం వెళ్ళినప్పుడు అక్కడ నడుంలోతు నీళ్ళలో కూడా అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని నింపాదిగా నిలబడింది. మొసళ్ళ హెచ్చరిక బోర్డులుంటాయి, అవి చదివాకే దిగండి. టైం మాత్రం మన ఇండియా టైమే, ద్వీపాలేమో మనకి బాగా తూర్పున ఉన్నాయి, అందుకని అయిదింటికే తెల్లారిపోతుంది, సాయంత్రం అయిదున్నరకల్లా పొద్దుగూకుతుంది. హోటల్లో తొమ్మిదింటి దాకా పడుకుంటే సగం రోజు పోయినట్టే. పిల్లలు పగడపు ముక్కలు ఏరుకొస్తే అక్కడే పడేయించండి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, అది వన్యప్రాణి చట్టం కిందకొస్తుంది. పోర్ట్ బ్లెయిర్ మార్కెట్లో అమ్మకి శ్రీకాకుళం మూలాలున్న కూరగాయలావిడ దొరికింది, ఇద్దరూ కలిసి మమ్మల్ని మర్చిపోయారు.

అసలు కథ వచ్చాక మొదలైంది.

అడ్వాన్స్ తీసుకుంటే తిరిగొచ్చిన నెలలోపు బిల్లు పెట్టాలి, తీసుకోకపోతే మూడు నెలలు. నేను టైంకే పెట్టాను. అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపారు, తల్లి ఆధారిత కుటుంబ సభ్యురాలని రుజువు లేదట! ఆవిడ పేరు సర్వీస్ బుక్కులో ఉంది, ఫ్యామిలీ డిక్లరేషన్లో ఉంది, అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఆవిడ టికెట్‌కీ లెక్క కట్టి ఇచ్చింది వీళ్ళే. అప్పుడు అమ్మ, ఇప్పుడు కాదు.

బిల్లులు చూసే సెక్షన్‌కి వెళ్ళాను. లంచ్ టైం, అందరూ క్యారేజీలు విప్పుకుని ఉన్నారు. నా బిల్లు చూసే క్లర్కు బాబు తల కూడా ఎత్తకుండా "మీకు అన్నయ్య ఉన్నాడు కదండీ?" అన్నాడు. ఉన్నాడండీ, అనకాపల్లిలో అన్నాను. "మరి అమ్మగారు ఎవరి దగ్గర ఉంటారు?" కొన్నాళ్ళు నా దగ్గర, కొన్నాళ్ళు వాడి దగ్గర అన్నాను. "అయితే సగం డిపెండెంట్ అన్నమాట, సగానికి రూల్ లేదండీ" అన్నాడు. గది గదంతా నవ్వింది. తల్లిదండ్రులు మనతోనే ఉండాలన్న షరతు లేదు, రూల్లోనే ఉంది, చెప్పినా వినలేదు. తర్వాత డిపెండెంట్ ఆదాయం పరిమితి దగ్గర పట్టుకున్నాడు. నాన్న పోయాక వచ్చే చిన్న పెన్షను, పెందుర్తి ఇంట్లో మేడమీద వాటా అద్దె, అన్నీ కలిపితే నెలకి పదివేల చిల్లర. "9000 దాటిందండీ" అన్నాడు. అయ్యా, 9000 మీద డీఏ (కరువు భత్యం) కూడా కలపాలి, కలిపితే పదమూడు వేలు దాటుతుంది అన్నాను. దానికి ఆయన జవాబు చూడండి: "డీఏ మీకొస్తాది, మీ అమ్మగారికెందుకు?"

పైగా ఆవిడ స్వయంగా వచ్చి సంతకం పెట్టాలన్నాడు. ఏ రూల్లోనూ లేదది. అయినా టికెట్ డబ్బు వడ్డీతో సహా జీతంలో కోసేస్తామంటే ఏం చేస్తాం, మోకాళ్ళ నొప్పులున్న మనిషిని రెండు అంతస్తులు ఎక్కించాను. "అమ్మా, మీ అబ్బాయి మిమ్మల్ని చూసుకుంటాడా?" అని అడిగాడు. "చూసుకోపోతే ఇమానమెక్కిస్తాడేటి బాబూ" అంది. అక్కడితో ఆగితే బాగుండేది. అద్దె డబ్బులేం చేస్తారని అడగ్గానే, "నాకేటి ఖర్చు, ఈడి పిల్లల బడి ఫీజులకే ఇచ్చేస్తన్నాను" అంది. ఆ బాబు పెన్ను కింద పెట్టి నా వైపు చూసి "అయితే మీరే డిపెండెంట్ అండీ" అన్నాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది, మా డిపార్ట్‌మెంట్లో నా చేతిపని గురించి ఎవర్నైనా అడగండి. ఆ గదిలో మాత్రం అమ్మ కొంగు పట్టుకొచ్చిన పిల్లాడిలా నిలబడ్డాను.

పక్క సీట్లో మేడమ్ గారే తీర్చారు. ఆవిడ అన్నం తింటూనే ఎడంచేత్తో రూల్ బుక్ లాగి, డీఏ కలపాలన్న పేజీ తీసి ఆయన టేబుల్ మీద పెట్టారు, ఒక్క మాట అనలేదు. పై ఆఫీసరు సంతకం పెట్టడానికి నిమిషం పట్టలేదు. మన బాబు మాత్రం ఊరుకోలేక ఎయిర్‌పోర్ట్ టాక్సీ డబ్బులు బిల్లులోంచి తీసేశాడు. పోనీ.

వెళ్ళేవాళ్ళు బిల్లు ఇచ్చిన రోజే మీ కాపీ మీద తేదీ వేసి సంతకం చేయించుకోండి, లేకపోతే నెల దాటాక ఇచ్చారంటారు. డిపెండెంట్ ఆదాయం ఆర్డరు ప్రింటు జేబులో పెట్టుకోండి. లంచ్ టైంలో వెళ్ళకండి, ప్రేక్షకులు ఎక్కువ. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే వాళ్ళ ఆదాయం డిక్లరేషన్ బయల్దేరే ముందే ఇచ్చేయండి, ఆఫీసుకి వాళ్ళని మాత్రం తీసుకెళ్ళకండి. మా పక్క సెక్షన్ అతను అత్తగార్ని కూడా ఇందులో కలుపుదామని ఊగిపోతున్నాడు. అత్తమామలు ఎల్టీసీలో రారు, ఆ టికెట్లు మీ జేబులోంచే.