పాప మోకాలి వాపు, ఎమ్మారై: ఏం అడగాలి, ఎలా తీయించాలి

మా పాప నాలుగో ఏట పొద్దున లేవగానే కుంటేది. ఎడమ మోకాలు పూర్తిగా చాచలేక, మెట్లు దిగాలంటే ఎత్తుకోమనేది. తొమ్మిది, పది గంటలయ్యేసరికి మామూలుగా పరిగెత్తేది కాబట్టి పడిందని, బెణికిందని అనుకున్నాం. పుత్తూరు కట్టు కట్టించమన్నవాళ్లూ ఉన్నారు. దెబ్బ తగిలిన కాలు ఆడేకొద్దీ నొప్పెడుతుంది. కీళ్లవాతం పట్టిన కాలు పడుకుని లేచాక బిగుసుకుని, ఆడుతుంటే సడలుతుంది. జ్వరం లేదని, పిల్ల ఏడవడం లేదని ఊరుకోకూడదు. ఈ వయసు పిల్లలు నొప్పి అని చెప్పరు, ఆ కీలు వాడటం మానేస్తారు.

పదహారేళ్లలోపు మొదలై, వేరే కారణం దొరక్కుండా ఆరు వారాలైనా నిలిచి ఉన్న కీలు వాపుని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్ అంటారు. మొదటి ఆరు నెలల్లో నాలుగు కీళ్లకి మించకపోతే అది ఆలిగో రకం, మా పాపది అదే. ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్షల్లో ఈఎస్‌ఆర్ కాస్త ఎక్కువ, సీఆర్‌పీ మామూలే. సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీలని వెతికే పరీక్షల్లో ఏఎన్‌ఏ పాజిటివ్, ఆర్‌ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్) నెగెటివ్. ఆర్‌ఎఫ్ లేదు కాబట్టి వాతం కాదు అనే మాట పెద్దవాళ్ల జబ్బుని పిల్లలకి అంటగట్టడమే. ఈ పిల్లల్లో ఎక్కువమందికి అది నెగెటివే వస్తుంది.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు, మొదట్లో సాధారణంగా కనిపించదు కూడా. జబ్బు మొదలయ్యేది కీలు లోపలి పొరలో, అంటే సైనోవియంలో. అక్కణ్ణుంచి మృదులాస్థికి, ఎముకకి పాకి, ఎక్స్‌రేకి చిక్కేనాటికి నష్టం జరిగిపోయి ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో నీరు, పొర మందం తెలిశాయి. చాలామంది పిల్లలకి అక్కడితో ఆగి మందు మొదలుపెట్టొచ్చు, ఎమ్మారై అక్కర్లేదు. అది ఎప్పుడు కావాలంటే, ఒక ప్రశ్న మిగిలినప్పుడు. మాకు మిగిలిన ప్రశ్న క్షయ. మన దేశంలో ఒక్క మోకాలే వాచిందంటే టీబీ కాదని తేల్చుకోకుండా అందులోకి వాపు తగ్గించే స్టెరాయిడ్ ఎక్కించకూడదు. ఎమ్మారై ఒక్కటే టీబీ కాదని తేల్చదు, అనుమానం బలంగా ఉంటే నీరు తీసి, పొర ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే. కానీ ఎముక లోపల చీముగడ్డ ఉందా, మజ్జలో ల్యూకేమియా (రక్త క్యాన్సర్) లాంటి తేడా ఉందా, పొరలో రక్తం కారి ఇనుము పేరుకుందా అన్నవి అందులో తెలుస్తాయి. దవడ కీలు, నడుము కింది సాక్రోఇలియాక్ కీళ్లు చేతి పరీక్షకి సరిగ్గా అందవు కాబట్టి వాటికైతే ఎమ్మారై తప్పదు. నోరు తక్కువ తెరుచుకున్నా, గడ్డం ఒక పక్కకి లాగినా దవడ గురించి అడగండి.

మోకాలి స్కాన్‌కి ముప్పావుగంట వరకు కదలకుండా పడుకోవాలి. ఐదారేళ్లలోపు పిల్లలకి అందుకే మత్తు. మత్తు డాక్టరు దగ్గరుండి ఇచ్చేచోటే ఒప్పుకోండి. అన్నం, ఆవు పాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలైతే నాలుగు గంటలు, నీళ్లు రెండు గంటలు. స్కాన్లు వాయిదా పడేది ఎక్కువగా ఇక్కడే. బిస్కెట్టే కదా అని అమ్మమ్మ పెట్టేస్తుంది. కడుపులో ఉన్నది మత్తులో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పొద్దున మొదటి స్లాట్ అడిగితే ఆకలి బాధ తక్కువ. ముక్కు కారుతున్నా, దగ్గున్నా దాచకుండా చెప్పండి, గొంతు పట్టేసే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాయిదా వేస్తారు.

పట్టీలు, మొలతాడు బిళ్ల, తాయెత్తు, జడ పిన్నులు, జరీ గౌను ఇంట్లోనే తీసేయాలి. వెండిని అయస్కాంతం లాగదు గానీ ఒంటిమీద వేడెక్కవచ్చు, పైగా పట్టీ మర ఇనుముది కావచ్చు. పక్కన ఉండే అమ్మకీ ఇదే నియమం: మంగళసూత్రాలకి గుచ్చుకున్న పిన్నీసులు గుర్తుంచుకోండి. మోకాలికైతే కాళ్లే ముందు లోపలికి వెళ్తాయి, తల దాదాపు బయటే ఉంటుంది. మత్తులో ఉన్నా చెవులకి మూతలు పెట్టమనండి.

ముందు మామూలు బొమ్మలు తీస్తారు. కొవ్వుని నల్లగా అణిచేసి నీటిని తెల్లగా చూపే బొమ్మల్లో మజ్జ వాపు తేలుతుంది. చివర కాన్యులాలోంచి, అంటే నరానికి పెట్టిన సన్నటి గొట్టంలోంచి, గాడోలినియం ఎక్కిస్తారు. ఇది వాచిన పొరని బొమ్మలో మెరిసేలా చేసే మందు. కిలోకి 0.1 మిల్లీమోల్, అంటే మిల్లీలీటరుకి 0.5 మిల్లీమోల్ గాఢత ఉన్న మందైతే కిలోకి 0.2 మిల్లీలీటరు. పద్నాలుగు కిలోల పాపకి 2.8 మిల్లీలీటర్లు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ముందే చూస్తారు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి ఇది మంచిది కాదు. ఎక్కించాక ఐదు నిమిషాల్లోపు బొమ్మలు తీసేయాలి. ఆలస్యమైతే మందు పొరలోంచి కీలు నీటిలోకి జారి రెండూ ఒకేలా మెరుస్తాయి, పొర ఉన్నదానికన్నా మందంగా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే పిల్ల కదిలిందంటే అంతసేపు పడిన పాట్లు వృథా. అందుకే కాన్యులా ముందే పెట్టి, సరిగా పారుతోందో లేదో సెలైన్‌తో చూసుకోవాలి.

రిపోర్టులో చూసుకోవాల్సినవి పొర మందం, ఎముక మజ్జ, మృదులాస్థి, ఎముక కోత (వాపు వల్ల ఎముక అరిగి పడే గుంట). పిల్లల మోకాలికి కొలత ఇవ్వడానికి వాడే జామ్రిస్ అనే పద్ధతి కూడా ఈ నాలుగింటినే లెక్కిస్తుంది. రెండు మిల్లీమీటర్లలోపు మందాన్ని అందులో మామూలుగానే తీసుకుంటారు. పాపకి పొర మందంగా ఉంది, నీరుంది, మజ్జ మామూలుగా ఉంది, కోతలు లేవు. ఇక్కడొక చిక్కు. ఎదిగే పిల్లల మజ్జలో ఎర్ర మజ్జ మచ్చలు మచ్చలుగా ఉంటుంది, దాన్ని వాపు అనుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల మణికట్టు ఎముకల్లోనూ చిన్న గుంటలుంటాయి, అవి కోతల్లా కనిపిస్తాయి. పెద్దవాళ్ల స్కాన్లే రోజూ చదివే చోట "ఎరోజన్స్" అని, అంటే కోతలున్నాయని రాస్తే, పిల్లల స్కాన్లు చూసే రేడియాలజిస్టుకి మళ్లీ చూపించకుండా భయపడొద్దు.

టీబీ పరీక్షలు నెగెటివ్ వచ్చాక మోకాలిలోకి ట్రయామ్సినలోన్ హెక్సాసెటొనైడ్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు, కిలోకి ఒక మిల్లీగ్రాము. అది దొరకనిచోట ఎసిటొనైడ్ వాడతారు, దాని ప్రభావం అన్నాళ్లు నిలవదు. మందు బయటికి కారితే అక్కడ చర్మం తెల్లబడి గుంట పడుతుంది. వాపు దిగి, మళ్లీ కొన్ని నెలలకి తిరగబెట్టింది. అప్పుడు జబ్బుని అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ అనే మందు మొదలైంది. అది వారానికి ఒక్కసారే. రోజూ వేస్తే ప్రాణాంతకం, కాబట్టి డబ్బా మీద వారం పేరు పెద్దక్షరాలతో రాసుకోండి. ఫోలిక్ యాసిడ్ విడిగా ఇస్తారు. లివర్, రక్తకణాల పరీక్షలు క్రమం తప్పకూడదు.

వాచిన మోకాలికి రక్తం ఎక్కువ పారడంతో ఎడమకాలు కొంచెం పొడవు పెరిగింది, తొడ కండ సన్నబడింది. కుడి చెప్పుకి మడమ దగ్గర ఎత్తు వేసి, మూడు చక్రాల సైకిలు, తొడ వ్యాయామాలతో కుంటు పోయింది. ఏఎన్‌ఏ పాజిటివ్ కాబట్టి కంటి లోపల వాపు వచ్చే ప్రమాదం ఎక్కువ, అందుకే మూడు నెలలకోసారి స్లిట్‌ల్యాంప్ (కంటి లోపలి భాగాన్ని పెద్దదిగా చూపే పరికరం) కంటి పరీక్ష మాత్రం ఆగలేదు. ఈ కంటి వాపులో కన్ను ఎర్రబడదు, మోకాలు బాగున్నా రావచ్చు.

మందు తగ్గించే ముందు రెండోసారి ఎమ్మారై తీయిస్తే, చేతికి వాపు తెలియని మోకాలిలో పొర ఇంకా కొద్దిగా మెరిసింది. కేవలం ఆ మెరుపు చూసి మందు పెంచలేదు, పొద్దున బిగుతు లేదు, కదలిక పూర్తిగా ఉంది. తగ్గించడం మాత్రం కొన్నాళ్లు వాయిదా పడింది. ఇలా పోల్చాలంటే కాగితం రిపోర్టు చాలదు. డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ అసలు బొమ్మలు ఉన్న సీడీ అడిగి తీసుకుని, వీలైతే అదే మిషన్ మీద, గాడోలినియం తర్వాత అదే వ్యవధిలో తీయించండి.