ఒక్క శాతం తేడా

గ్రాఫిక్స్ అన్నీ కనిష్ఠానికి దించినా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఆట సెకనుకు 35 ఫ్రేమ్‌లు దాటడం లేదు. వాడు అప్పటికే కొత్త ల్యాప్‌టాప్ ధరలు చూస్తున్నాడు.

నాణ్యత తగ్గించినా వేగం పెరగలేదంటే అనుమానించాల్సింది గ్రాఫిక్స్ కార్డును కాదు, ప్రాసెసర్‌ను. టాస్క్ మేనేజర్ తెరిచాను. 4.5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లగల ప్రాసెసర్, గుంజకు కట్టేసిన ఎద్దులా 2.5 దగ్గరే నిలబడి ఉంది.

విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 99 శాతం! ఆ ఒక్క శాతం తగ్గిస్తే చాలు, అవసరమైనప్పుడు ప్రాసెసర్ వేగాన్ని పెంచే టర్బో బూస్ట్ పూర్తిగా ఆగిపోతుంది. వేసవిలో వేడి తగ్గుతుందని ఎవరో చెబితే పెట్టాడట. చిట్కా మంచిదే, ఆటలకే పనికిరాదు.

100 చేశాను. ఫ్రేమ్‌లు 60 దాటాయి. ఇప్పుడు ఫ్యాను చప్పుడు వంటింట్లో ఉన్న అమ్మకు కూడా వినిపిస్తోంది. వాడికి మాత్రం పట్టడం లేదు.