పండు ఖాతా: ఊరకుక్క పిల్లకి మొదటి ఏడాది డాక్టర్, మందులు, డబ్బులు

"ఊరకుక్కకి డాక్టర్ ఏంట్రా, కాస్త గడ్డి తిని అదే బాగు చేసుకుంటుంది" అన్నాడు మా బాబాయి. సరే, ఎంతవుతుందో చూద్దామని పాల లెక్క పుస్తకంలో వెనక పేజీల నుంచి రాయడం మొదలుపెట్టాను. తేదీ, బరువు, ఏం చేయించాం, ఎంతయింది. అంతే, నాలుగు గళ్లు. ఏడాది తిరిగాక కూడితే తేలిందేంటంటే, డాక్టర్ ఫీజు అన్నిటికంటే చిన్న పద్దు. పెద్ద మొత్తాలు రెండు చోట్లే పోయాయి: ఒకటి పిడుదులు, రెండోది పిల్లలు పుట్టకుండా చేయించిన ఆపరేషన్. ఆ రెండు చోట్లా ఎంత పోతుందన్నది మాత్రం డాక్టర్‌ని ఎంచుకున్న రోజే సగం తేలిపోయింది. అందుకే ఆ ఎంపిక దగ్గర కాస్త ఎక్కువ రాస్తున్నాను.

జూన్

మేం ఉండేది విజయవాడలో, గుణదల వైపు. జూన్ మొదట్లో పండు వచ్చేసరికి దానికి నెలన్నర దాటింది. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పడాలి కాబట్టి టైం లేదు. అయినా దాన్ని చంకనేసుకుని క్లినిక్కులు తిరగలేదు. టీకాలు పడని పిల్లని జబ్బు కుక్కలు కూర్చునే బల్ల మీద పెట్టడం నాకు ఇష్టం లేదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ ఉండాల్సిందే. అందుకని ముందు నేనొక్కడినే వెళ్లి చూసొచ్చాను.

బోర్డు మీద బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఉందా అన్నది మొదటి పరీక్ష. అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల పశువైద్య డిగ్రీ. దాని పక్కన వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం వైద్యం చేయాలంటే ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్ షాపులో మేత అమ్మే కుర్రాడు "ఇంజెక్షన్ నేనే వేసేస్తా అన్నా, రెండొందలు తక్కువ" అంటే నవ్వి బయటికి రావడమే. ఎంవీఎస్సీ (దాని పైన చేసే పీజీ) ఉంటే అందులో ఏ సబ్జెక్టో కూడా అడగండి. మెడిసిన్ చేసినవాళ్లు వేరు, సర్జరీ చేసినవాళ్లు వేరు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక చోట ఫీజు 200. లోపలికి వచ్చిన ప్రతి కుక్కకీ తూకం లేకుండానే రెండు ఇంజెక్షన్లు, బిల్లు మీద ఒకటే లైను: ట్రీట్‌మెంట్. ఇంకో చోట ఏసీ, సోఫాలు, ఫీజు 700. మూడోది పాత డాబా కింద రెండు గదులు. ఫీజు 400. గుమ్మంలోనే కాటా ఉంది, బరువు చూసి చీటీ మీద రాశాకే కుక్క లోపలికి వెళ్తోంది. డాక్టర్ గారి బల్ల మీద మైక్రోస్కోప్ ఉంది, దాని మీద దుమ్ము లేదు! నాకు అక్కడే నచ్చేసింది.

అయినా కాంపౌండర్‌ని కొన్ని అడిగాను. మళ్లీ చూపించడానికి వారం లోపు వస్తే ఫీజు ఉంటుందా? (ఉండదు.) చీటీలో మందు పేరు బ్రాండుగా రాస్తారా, అసలు మందు పేరు రాస్తారా? (అడిగితే రెండూ రాస్తారు.) రాత్రి పూట ఏదైనా అయితే? (ఫోన్ ఎత్తుతారు, కానీ అడ్మిషన్ లేదు. సెలైన్ పెట్టి ఉంచాలంటే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు.) ఈ మూడో జవాబుకి నేను ఎక్కువ మార్కులేశాను. అన్నీ ఇక్కడే ఉన్నాయి అనేవాడి కంటే ఏది లేదో చెప్పేవాడు నయం. లెక్క కూడా చూడండి. 200 ఫీజు చోట వెళ్లిన ప్రతిసారీ 200, పైగా ఏం ఎక్కించారో తెలియని ఇంజెక్షన్ల డబ్బులు. 400 చోట ఒక జబ్బుకి ఒకసారే 400.

జూన్, జులై

మొదటి టీకా డిస్టెంపర్ (ఇదీ కుక్కలకి వచ్చే వైరస్ జబ్బే), పార్వో వగైరాలకి కలిపి ఇచ్చేది. డోసుకి 700 అయింది. నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాల వయసు దాటేదాకా ఇస్తారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండు చిన్న సీసాలుంటాయి. ఒకదాని అడుగున తెల్లటి పొడి బిళ్లలా అంటుకుని ఉంటుంది, రెండోదాంట్లో నీళ్లలాంటి మందు. రెంటినీ ఫ్రిజ్‌లోంచి తీసి మన కళ్ల ముందే కలిపి ఎక్కించాలి. సీసా మీది స్టిక్కర్ ఊడదీసి మన కార్డులో అంటించి, పక్కన సంతకం, ముద్ర. ముందే సిరంజిలో నింపి తెస్తే వద్దనండి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య నిల్వ లేని టీకా వేయించుకున్నా ఒకటే, వేయించకపోయినా ఒకటే. డబ్బులు మాత్రం పోతాయి.

రేబిస్ టీకా పైసా ఖర్చు లేకుండా అయిపోయింది. జులై 6 ప్రపంచ జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల దినం. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటి రేబిస్ టీకా వేయించాడు. ఆ రోజున రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. పండుకి అప్పటికి దాదాపు మూడు నెలలు, సరిగ్గా సరిపోయింది. బూస్టర్ మాత్రం మా డాక్టర్ దగ్గరే, 250. సెప్టెంబర్ 28 రేబిస్ డే నాడు కూడా చాలా చోట్ల క్యాంపులుంటాయి. పొద్దున్నే వెళ్లండి, కార్డు మర్చిపోకండి.

నులిపురుగుల మందు బరువుని బట్టి. మూడు నెలలొచ్చేదాకా రెండు వారాలకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి అన్నారు. ప్రాజిక్వాంటెల్, పైరంటెల్, ఫెబాంటెల్ కలిసిన మాత్రలు మూడు నాలుగు కంపెనీలవి దొరుకుతాయి. చీటీ మీద అసలు పేరు ఉంటే షాపులో తక్కువ రేటుది అడిగి తీసుకోవచ్చు.

అక్టోబర్

పిడుదులు. వానలు వెనకబట్టాక ఒక రోజు సాయంత్రం పండు అన్నం వదిలేసింది. గుడ్డు పెట్టినా వాసన చూసి పక్కకి తిరిగింది. చెవి లోపల, వేళ్ల సందుల్లో వెతికితే కందిగింజంత పిడుదులు కనిపించాయి. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. జ్వరం 104. (కుక్కలకి 101 నుంచి 102.5 దాకా మామూలే, మన లెక్క వేరు.)

ఆ మైక్రోస్కోప్ విలువ ఆ రోజు తెలిసింది. డాక్టర్ గారు చెవి అంచు నుంచి ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీసి, రంగు వేసి అక్కడికక్కడే చూశారు. ఆ గాజు పలక పరీక్షకి (స్మియర్) 150, రక్తకణాల లెక్క తేల్చే సీబీసీకి 350. ప్లేట్‌లెట్లు 62 వేలు. మామూలుగా రెండు లక్షలకి తగ్గకూడదు. "ఎర్లీకియా అనిపిస్తోందండీ, బెబీసియా కనపడలేదు" అన్నారు. రెండూ పిడుదుల వల్లే వస్తాయి, కానీ మందు ఒకటి కాదు. ఎర్లీకియాకి డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, బెబీసియాకి అదొక్కటే చాలదు. ఇది తేల్చకుండా రోజూ సెలైన్లు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఎక్కిస్తూ పోతే రోజుకి వెయ్యి చొప్పున ఎగిరిపోతాయి. మా వీధి చివర ఇంటివాళ్లకి అలాగే అయింది, అదీ వేరే చోట.

డాక్సీసైక్లిన్ నాలుగు వారాల కోర్సు. మనుషులకిచ్చే మందే కాబట్టి డాక్టర్ గారిని అడిగి జన్ ఔషధి షాపులో తీసుకున్నాను. కోర్సు మొత్తం వంద రూపాయల్లోపే. డోసు ఇక్కడ రాయడం లేదు, కావాలనే. బరువు చూడకుండా, రక్తం చూడకుండా వేసే మందు కాదది. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది, అన్నం తిన్నాక వేయమన్నారు మా డాక్టర్ గారు. మీవాళ్లు ఏమంటే అది చేయండి. మూడో రోజుకే లేచి తోక ఊపింది కదా అని ఆపకూడదు. కోర్సు పూర్తయ్యాక మళ్లీ సీబీసీ చేయిస్తే ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైకి వచ్చాయి. రిపోర్టులు రెండూ పుస్తకంలో పిన్ను కొట్టాను. జనవరిలో ఇవి పనికొచ్చాయి.

నివారణ సంగతి. నమిలే మాత్రలు రెండు రకాలు దొరుకుతున్నాయి. అఫాక్సోలానర్ నెలకొకటి, ఫ్లురలానర్ పన్నెండు వారాలకొకటి. రెండోది కొనేటప్పుడు ఒక్కసారే గట్టిగా అనిపిస్తుంది గానీ నెలకి పంచుకుంటే మాకు అదే తక్కువ పడింది. బరువుని బట్టి ప్యాకులు ఉంటాయి: ఫ్లురలానర్‌లో నాలుగున్నర నుంచి పది కిలోలదాకా ఒకటి, పది నుంచి ఇరవై ఇంకొకటి. అందుకే కొనే రోజే తూచాలి. మన బాత్రూం కాటా చాలు. కుక్కని ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి ఎక్కి, తీసివేస్తే సరి. పెద్ద ప్యాకు మాత్ర కొని సగం సగం చేసి రెండు కుక్కలకి వేసే పని మాత్రం వద్దు, మందు మాత్రంతా సమానంగా ఉంటుందన్న నమ్మకం లేదు.

మాత్ర కుక్క మీదున్న పిడుదుల్ని చంపుతుంది. రక్తం తాగిన ఆడ పిడుదు కిందకి రాలి, గోడ పగుళ్లలో దూరి వేల గుడ్లు పెడుతుంది. దాని సంగతి మనమే చూసుకోవాలి. వరండాలో పండు పడుకునే మూల పగుళ్లన్నీ తెల్ల సిమెంటుతో పూడ్పించాను. పాత గోనెపట్టా పారేసి, ఉతికే దుప్పటి వేశాం. ఈ ఏడాది మొత్తంలో డబ్బుకి తగ్గ పని ఏదంటే ఆ తెల్ల సిమెంటే.

జనవరి

ఆపరేషన్. మొదటిసారి ఎదకి రాకముందే చేయించాలనుకున్నాం. పిల్లల బెడద సరే, అసలు భయం గర్భసంచిలో చీము పట్టడం. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి వయసు మీద పడ్డాక వస్తుంది, అప్పుడది ఎమర్జెన్సీ. మా ఆఫీసులో ఒకాయన లాబ్రడార్‌కి అలాగే అయి, అర్ధరాత్రి ఆపరేషన్‌తో బిల్లు ముప్పై వేలు దాటింది.

బయట రేట్లు అడిగితే ఒకరు 6,500, ఇంకొకరు 9,000 చెప్పారు. అందులో ఏమేం కలిసి ఉన్నాయో అడిగితే గానీ అసలు సంగతి బయటపడలేదు. 6,500లో మత్తుకి ముందు చేసే రక్తపరీక్ష లేదు, కుట్లు విప్పడం లేదు, తర్వాతి మందులు లేవు. అన్నీ కలిపితే ఇద్దరిదీ ఒకటే. కాగితం మీద రాసివ్వమనండి, మొహమాటపడక్కర్లేదు.

మా డాక్టర్ గారిది మెడిసిన్. "సర్జరీకి గన్నవరం వెళ్లండి" అని ఆయనే చీటీ రాసిచ్చారు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, తిరుపతి ఎస్వీ వెటర్నరీ యూనివర్సిటీ కింద నడుస్తుంది. కాలేజీ ఆసుపత్రి కాబట్టి విద్యార్థులు చుట్టూ ఉంటారు, ప్రొఫెసర్లు దగ్గరుండి చూసుకుంటారు. రోజంతా కేటాయించుకుని వెళ్లాలి, క్యారేజీ కట్టుకుని. బయట కొన్న మందులు, కుట్ల దారంతో కలిపి మాకు మూడు వేలు దాటలేదు. అక్టోబర్ రిపోర్టులు చూపించగానే ప్లేట్‌లెట్ల మీద ప్రత్యేకంగా అడిగి, ఇంకోసారి రక్తం చూశాకే తేదీ ఇచ్చారు. పిడుదుల జ్వరం వచ్చిపోయిన కుక్కని కోసే ముందు ఇది చూడాలట, లేకపోతే రక్తం ఆగదు. తెలంగాణ వాళ్లకి రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువుల ఆసుపత్రి కూడా ఉంది.

కుట్లు నాక్కోకుండా మెడ చుట్టూ పెట్టే ప్లాస్టిక్ గొట్టం కొన్నాం గానీ పండు దాన్ని గోడకేసి కొట్టుకుంటుంటే చూడలేక అమ్మ నా పాత టీషర్ట్ తొడిగి, నడుం దగ్గర ముడి వేసింది. కుట్లు విప్పేదాకా అదే వేషం.

ఆ తర్వాత

ఇన్సూరెన్స్ చూశాను, తీసుకోలేదు. వయసు పరిమితులు, ముందే వచ్చిన జబ్బులకి వర్తించకపోవడం, ఇవన్నీ చదివాక మా ఊరకుక్కకి ప్రీమియం కట్టడం కంటే నెలకి 500 వేరే ఖాతాలో వేసుకోవడం మేలనిపించింది. ఖరీదైన జాతి కుక్క, అదీ చిన్న వయసులోనే అయితే నా లెక్క వేరేగా ఉండేది.

తిండి సంగతి క్లుప్తంగా. కోడి లివర్, గుడ్డు, అన్నం, ఉడికించిన గుమ్మడి, పెరుగు. ఉల్లిపాయ పడిన పులుసు అస్సలు వద్దు, ఉడికించిన ఎముకలూ వద్దు.

ప్రభుత్వ పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేస్తే ఇంటికొస్తారా అని చాలామంది అడుగుతున్నారు. ఆ అంబులెన్సులు ముఖ్యంగా పాడి పశువులు, గొర్రెలు, మేకల కోసం. పల్లెటూరివాళ్లు అడిగి చూడండి, పట్నంలో కుక్క కోసం రాత్రి పూట దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

మొన్న అక్క వచ్చి, డీమార్ట్ సంచీలో వాళ్ల పిల్లిని కూడా తెచ్చింది. "మీ పండుకి వాడగా మిగిలిన పిడుదుల మందు ఉంటే దీని మెడ మీద కూడా రెండు చుక్కలు వేయరా" అంది. అట్ట తిప్పి చూస్తే పర్మెత్రిన్. కుక్కకి మందు, పిల్లికి విషం. పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే, ఒక్క మాత్రతో చచ్చిపోవచ్చు. పిల్లులకని రాసున్న ఫిప్రోనిల్ తీసుకోమని పేరు రాసిచ్చి, మా డాక్టర్ గారి దగ్గరికి పంపాను. తూచి చూస్తే పిల్లి మూడు కిలోల రెండొందలు. అక్క కూడా ఇప్పుడు పుస్తకం పెట్టింది.

పండు ఈ నెల 15.4 కిలోలు. రేబిస్ ఏడాది డోసు జులై 6 క్యాంపులోనే వేయిస్తాం. వెనక పళ్ల మీద గార మొదలైంది. మత్తిచ్చి తీయించాలంటే ఎంతవుతుందో అడిగి, వచ్చే పేజీలో రాస్తాను. ఈలోగా కుక్కల పేస్టుతో రోజూ తోముతున్నాం, రోజూ కరవబోతోంది.